నిమ్మతోట నోడ్ డైరీ: ఏడీఎస్1115ని సరిగ్గా నిద్రపుచ్చడం

ఏం కడుతున్నానంటే

గూడూరు దగ్గర మామయ్య వాళ్ళకి నిమ్మతోట ఉంది, ఎండాకాలంలో చెట్ల పాదుల్లో వరిగడ్డి పరుస్తారు, దానివల్ల వేళ్ళ దగ్గర మట్టి ఎంత చల్లబడుతుందో లెక్కతో చూడాలనేది పని. గడ్డి పరిచిన పాదులో ఒక నోడ్ (కొలిచి రేడియోలో పంపే చిన్న డబ్బా), పరవని పాదులో ఇంకోటి. ఒక్కో నోడ్‌కి మూడు థర్మిస్టర్లు (వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే సెన్సర్లు), బెత్తెడు లోతున ఒకటి, జానెడు లోతున ఒకటి, మూరెడు లోతున ఒకటి. పావుగంటకోసారి చదివి లోరాలో, అంటే తక్కువ కరెంట్‌తో దూరం పంపే రేడియోలో, ఇంటికి పంపాలి. మన దేశంలో లైసెన్స్ అక్కర్లేని 865 - 868 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ఉంది కాబట్టి రేడియో గొడవ లేదు.

మామయ్య అడిగింది ఒక్కటే, "బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తాదిరా?" అని. తోటలో అందరూ పనిమీద ఉంటారు, నెలకోసారి డబ్బా విప్పి బ్యాటరీ మార్చే ఓపిక ఎవరికీ ఉండదు, అలా మార్చాల్సి వస్తే ఆ నోడ్ రెండో నెలకే మూలపడుతుంది. "రెండు మూడేళ్ళు తియ్యక్కర్లేదు మామా" అని చెప్పా. ఈ డైరీ అంతా ఆ మాట నిలబెట్టుకునే ప్రయత్నమే.

సామాన్లు: ఏటీమెగా 328పీ అనే మైక్రోకంట్రోలర్ (ఈ నోడ్‌కి సీపీయూ) ఉన్న ప్రో మినీ బోర్డు, 3.3 వోల్ట్, 8 మెగాహెర్ట్జ్ రకం, దానిమీద రెగ్యులేటర్, పవర్ ఎల్ఈడీ రెండూ పీకేశా. రేడియోకి ఎస్ఎక్స్1276 మాడ్యూల్. బ్యాటరీ తోట సోలార్ లైట్లలో వచ్చే 14500 సైజు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్, 600 ఎంఏహెచ్, దాదాపు 3.2 వోల్ట్ దగ్గర నిలకడగా ఉంటుంది కాబట్టి రెగ్యులేటర్ లేకుండా నేరుగా ఇచ్చేయొచ్చు. ఏడీసీకి, అంటే వోల్టేజ్‌ని అంకెగా మార్చే చిప్‌కి, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ ఏడీఎస్1115, బజార్లో దొరికే చిన్న మాడ్యూల్ రూపంలో.

ఏటీమెగాలోనే 10 బిట్ ఏడీసీ ఉంది కదా ఇంకోటి ఎందుకు అంటే కారణం మట్టిలోనే ఉంది. పగలు రాత్రి మధ్య వచ్చే ఉష్ణోగ్రత తేడా లోతుకి వెళ్ళేకొద్దీ చాలా వేగంగా తగ్గిపోతుంది, మట్టి రకం తేమ బట్టి సుమారు 10 - 15 సెంటీమీటర్లకోసారి ఆ ఊగిసలాట మూడో వంతుకి పడిపోతుంది. పైన ఇరవై డిగ్రీలు ఊగితే మూరెడు లోతున అర డిగ్రీ ఊగితే గొప్ప. 10కే థర్మిస్టర్, 10కే రెసిస్టర్ డివైడర్‌లో (రెండిటినీ వరసగా కట్టి మధ్య వోల్టేజ్ చదివే జతలో) 25 డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీకి వచ్చే మార్పు సప్లై వోల్టేజ్‌లో 1.1 శాతం, అంటే 10 బిట్‌లో 11 మెట్లు. అర డిగ్రీకి అయిదారు మెట్లు, దాంట్లో గీత గీస్తే మెట్లే కనపడతాయి, మట్టి కనపడదు. ఏడీఎస్1115లో ప్లస్ ఆర్ మైనస్ 4.096 వోల్ట్ రేంజ్ పెడితే ఒక మెట్టు 125 మైక్రోవోల్ట్‌లు, ఒక డిగ్రీకి 280 మెట్లు. అందుకే ఇది.

ఒక జాగ్రత్త, రేంజ్ 4.096 అని పెట్టినంత మాత్రాన పిన్ మీద 4 వోల్ట్ పెట్టొచ్చని కాదు, సప్లైకి మించి ఇవ్వకూడదు.

రెండు మోడ్‌లు, ఒక లెక్క

ఈ చిప్‌కి ఉన్న పవర్ మోడ్‌లు రెండే. కంటిన్యుయస్‌లో పెడితే ఆపకుండా కన్వర్షన్లు చేస్తూనే ఉంటుంది, టిపికల్‌గా 150 మైక్రోఆంప్‌లు లాగుతుంది. సింగిల్ షాట్‌లో పెడితే మనం చెప్పినప్పుడు ఒక్కటి చేసి తనంతట తనే పవర్ డౌన్‌లోకి పోతుంది, అక్కడ 25 డిగ్రీల దగ్గర టిపికల్‌గా 0.5 మైక్రోఆంప్. పవర్ డౌన్ అని విడిగా కమాండ్ ఏమీ లేదు, కాన్ఫిగ్ రిజిస్టర్‌లో (చిప్ లోపల సెట్టింగ్‌లు రాసే చోట) 8వ బిట్ 1 అయితే సింగిల్ షాట్, 0 అయితే కంటిన్యుయస్. కరెంట్ ఇవ్వగానే చిప్ లేచేది సింగిల్ షాట్‌లోనే, అంటే ముట్టుకోకపోతే నిద్రలోనే ఉంటుంది, నాకు ఈ డిజైన్ చాలా నచ్చింది.

600 ఎంఏహెచ్ సెల్‌తో లెక్కేస్తే కంటిన్యుయస్‌లో వదిలేస్తే ఏడీసీ ఒక్కటే అయిదున్నర నెలల్లో సెల్ ఖాళీ చేస్తుంది. సింగిల్ షాట్‌లో అయితే నాలుగు ఛానెళ్ళు (మూడు థర్మిస్టర్లవి, నాలుగోది వాటికిచ్చే వోల్టేజ్‌ది) సెకనుకి 128 శాంపిల్స్ రేటులో చదివితే ఒక్కోటి 7.8 మిల్లీసెకన్లు, మొత్తం ఖర్చు 4.7 మైక్రోకూలంబ్‌లు (మైక్రోఆంప్‌లని సెకన్లతో గుణిస్తే వచ్చేది). అదే చిప్ పావుగంట నిద్రపోతే 0.5 ఇంటూ 900 సెకన్లు, 450 మైక్రోకూలంబ్‌లు. అంటే పనిచేసేటప్పటి ఖర్చు నిద్ర ఖర్చులో నూరోవంతు. ఈ ఒక్క లెక్క కాగితం మీద వేసుకుంటే సగం నిర్ణయాలు అక్కడే తేలిపోతాయి, ఎందుకంటే చాలామంది కరెంట్ ఆదా అంటే డేటా రేట్ 860కి పెంచి కన్వర్షన్ తొందరగా ముగించెయ్యాలి అంటారు, 4.7 మైక్రోకూలంబ్‌లని 0.7 చేసుకుంటే పక్కన 450 ఉండగా ఒరిగేదేమీ లేదు.

సీపీయూ ఎదురుచూపు

అయితే 860 అనేవాళ్ళ మాటలో ఒక నిజం ఉంది. కన్వర్షన్ అయ్యేదాకా సీపీయూ మేలుకుని లూప్‌లో తిరుగుతూ ఉంటే అది 8 మెగాహెర్ట్జ్‌లో మూడు మూడున్నర మిల్లీఆంప్‌లు తింటుంది, ఏడీసీ తినేదానికి ఇరవై రెట్ల పైన. 8 శాంపిల్స్ రేటులో నాలుగు ఛానెళ్ళకి అర సెకను పడుతుంది, ఆ అర సెకనూ సీపీయూ లేచి ఉంటే 1700 మైక్రోకూలంబ్‌ల దాకా పోతాయి. దీనికి మందు రేటు పెంచడం కాదు, సీపీయూని కూడా పడుకోబెట్టడం. కన్వర్షన్ అయ్యాక ఏడీసీయే లేపాలి.

దానికి చిప్ మీద అలర్ట్ రెడీ అనే పిన్ ఉంది. మామూలుగా అది కంపారేటర్ పిన్ (వోల్టేజ్ మనం పెట్టిన హద్దు, అంటే త్రెషోల్డ్, దాటితే చెప్పేది), కానీ హై త్రెషోల్డ్ రిజిస్టర్‌లో పై బిట్ 1, లో త్రెషోల్డ్ రిజిస్టర్‌లో పై బిట్ 0 రాసి, కాన్ఫిగ్‌లో చివరి రెండు బిట్‌లు 11 కాకుండా పెడితే అది "కన్వర్షన్ అయిపోయింది" అని చెప్పే పిన్‌గా మారుతుంది. దాన్ని ఏటీమెగా ఇంటరప్ట్ పిన్‌కి (సీపీయూని లేపగల పిన్‌కి) కలిపా.

ఇక్కడ మోడ్ ఎంపిక మళ్ళీ ముందుకొస్తుంది. కంటిన్యుయస్ మోడ్‌లో ఈ పిన్ ప్రతి కన్వర్షన్ చివర సుమారు 8 మైక్రోసెకన్ల పల్స్ మాత్రమే ఇస్తుంది. ఏటీమెగా పవర్ డౌన్ నిద్రలో ఉంటే ఆసిలేటర్ ఆగిపోయి ఉంటుంది, మళ్ళీ లేచి నిలబడడానికి 16 వేల క్లాక్‌ల సెట్టింగ్‌లో 2 మిల్లీసెకన్లు పడుతుంది, లెవెల్ ఇంటరప్ట్‌తో లేపాలంటే అంతసేపూ పిన్ లో (సున్నా వోల్ట్) గానే ఉండాలని డేటాషీట్ చెప్తుంది, 8 మైక్రోసెకన్లు ఏ మూలకి. సింగిల్ షాట్‌లో అలా కాదు, కన్వర్షన్ అవగానే పిన్ లో అయ్యి తర్వాతి కన్వర్షన్ మొదలయ్యేదాకా అలాగే ఉంటుంది, హాయిగా లెవెల్ ఇంటరప్ట్‌తో లేవొచ్చు. ఇంటరప్ట్ రొటీన్‌లోకి రాగానే మొదట ఆ ఇంటరప్ట్‌ని డిజేబుల్ చెయ్యాలి, పిన్ ఇంకా లో గానే ఉంటుంది కాబట్టి లేకపోతే అదే రొటీన్‌లోకి మళ్ళీ మళ్ళీ వెళ్తూనే ఉంటుంది.

రాసిన కాన్ఫిగ్ మొదటి ఛానెల్‌కి 1100 0011 1000 0000. ఎడమ నుంచి చదివితే, స్టార్ట్ బిట్ 1, ఛానెల్ 100, రేంజ్ 001, మోడ్ 1, రేటు 100 అంటే 128, చివర కంపారేటర్ క్యూ 00. మిగతా ఛానెళ్ళకి 100 బదులు 101, 110, 111. ఛానెల్ మార్చాక మొదటి రీడింగ్ పారెయ్యక్కర్లేదు, ఈ చిప్ ఒక్క కన్వర్షన్‌లోనే సెటిల్ అవుతుంది.

ఆదివారం, 320 మైక్రోఆంప్‌లు

రెడీ పిన్ కలపకముందు నిద్రలో మొత్తం బోర్డు అయిదారు మైక్రోఆంప్‌ల దగ్గర ఉంది. అందులో ఎక్కువ భాగం ఏటీమెగా వాచ్‌డాగ్ టైమర్‌దే (నిద్రలోంచి సీపీయూని లేపే లోపలి గడియారం), 3 వోల్ట్‌లో అదొక్కటే 4 దాకా ఉంటుంది. రెడీ పిన్ కలిపి అంతా చక్కగా పనిచేస్తుంటే మీటర్ పెట్టి చూశా, 320 పైన నిలబడింది.

మీటర్ గురించి ఒక మాట చెప్పి ముందుకెళ్తా. మైక్రోఆంప్ రేంజ్‌లో మీటర్ లోపల రెసిస్టర్ పెద్దది, రేడియో పదుల మిల్లీఆంప్‌లు లాగగానే దాని మీదే వోల్టేజ్ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. అందుకే మీటర్‌కి అడ్డంగా ఒక జంపర్ వైర్ పెట్టి బోర్డు స్టార్ట్ చేసి, ప్యాకెట్ పంపి నిద్రలోకి వెళ్ళాక జంపర్ తీసి చదవాలి, మళ్ళీ లేచేలోపు పెట్టెయ్యాలి.

320 ఎక్కడిదో వెతకడంలో ముందు అనుమానం ఏడీసీ కంటిన్యుయస్‌లో ఉండిపోయిందేమో అని, కాన్ఫిగ్ చదివితే మోడ్ బిట్ 1, స్టార్ట్ బిట్ స్థానంలో కూడా 1 వస్తోంది, అంటే కన్వర్షన్ ఏమీ జరగట్లేదు, చిప్ పడుకునే ఉంది. ఏటీమెగా సొంత ఏడీసీ ఆన్‌లో ఉంటే నిద్రలో కూడా తింటుంది, అది ముందే ఆఫ్ చేసి ఉంది. బ్రౌన్ అవుట్ డిటెక్టర్ (సప్లై పడిపోతే రీసెట్ చేసేది) నిద్రలో ఆపేసే ఉంది. రెడీ వైర్‌ని ఏటీమెగా వైపు నుంచి ఊడదీసినా 320 కదల్లేదు. అప్పుడు ఏడీసీ మాడ్యూల్ మీద ఒక్కో పిన్ వోల్టేజ్ చూస్తూ వస్తే అలర్ట్ పిన్ దగ్గర సున్నా. మాడ్యూల్ మీద ఆ పిన్‌కి 10కే పుల్ అప్ (పిన్‌ని సప్లైకి కట్టే రెసిస్టర్) ఉంది. 3.2 వోల్ట్ బై 10కే, 320 మైక్రోఆంప్‌లు!

చిప్ తను చెప్పినట్టే నడుచుకుంది. సింగిల్ షాట్‌లో రెడీ పిన్ తర్వాతి కన్వర్షన్ దాకా లో గా ఉంటుంది అన్న గుణం వల్లే కదా సీపీయూ సుఖంగా లేచింది, ఆ గుణమే చివరి ఛానెల్ అయిపోయాక పావుగంటసేపు పిన్‌ని కిందకి లాగి పట్టుకుంటోంది. చిప్ లోపల అర మైక్రోఆంప్‌తో పడుకుని ఉంది, కానీ పిన్‌ని కిందకి లాగే దాని ఓపెన్ డ్రెయిన్ ట్రాన్సిస్టర్ మాత్రం ఆన్‌లో ఉండి పుల్ అప్ గుండా కరెంట్ పారిస్తోంది. వంటింట్లో అందరూ పడుకున్నాక కుళాయి సన్నగా కారుతున్నట్టు. ఇదే లెక్కన 600 ఎంఏహెచ్ సెల్ రెండున్నర నెలలే వస్తుంది. అంటే కంటిన్యుయస్ మోడ్‌లో వదిలేసిన దానికంటే ఘోరం!

సరిచెయ్యడం మటుకు ఒక్క రైట్‌తో అయిపోయింది. నాలుగు ఛానెళ్ళు చదివాక స్టార్ట్ బిట్ 0గా, చివరి రెండు బిట్‌లు 11గా కాన్ఫిగ్ ఒకసారి రాస్తే చాలు, 0100 0011 1000 0011. స్టార్ట్ బిట్ 0 కాబట్టి కొత్త కన్వర్షన్ మొదలవ్వదు, క్యూ 11 కాబట్టి కంపారేటర్ ఆగి పిన్ హై ఇంపీడెన్స్‌లోకి (దేన్నీ లాగని స్థితిలోకి) పోతుంది. మీటర్ మళ్ళీ అయిదారు దగ్గరకి వచ్చింది. ఇంకో దారి కూడా ఉంది, మాడ్యూల్ మీద పుల్ అప్ పీకేసి ఏటీమెగా లోపలి పుల్ అప్‌ని ఎదురుచూసేటప్పుడు మాత్రమే ఆన్ చేసుకోవడం. టంకం పని తక్కువైతే తోటలో తేమకి బోర్డు ఎక్కువ కాలం నిలబడుతుందని నా నమ్మకం, అందుకని సాఫ్ట్‌వేర్ దారే ఉంచా.

ఏటీమెగా, ఏడీసీ మాట్లాడుకునే ఐ టూ సీ వైర్లకీ ఇదే సూత్రం. వాటికీ 10కే పుల్ అప్‌లు ఉన్నాయి, నిద్రకి ముందు ఏటీమెగా ఆ పిన్‌లని అవుట్‌పుట్ లో గా వదిలేస్తే ఒక్కో వైరు 320 తింటుంది. ఇన్‌పుట్‌గా వదిలెయ్యాలి, అంతే.

డివైడర్లు, సెటిలింగ్, రేటు

ఏడీసీ మోడ్‌ల మీద ఇంత దృష్టి పెట్టి థర్మిస్టర్ డివైడర్లని వదిలేస్తే అర్థం లేదు. 10కే ప్లస్ 10కే, 3.2 వోల్ట్ మీద ఒక్కోటి 160 మైక్రోఆంప్‌లు, మూడూ కలిపి 480, ఎప్పుడూ ఆన్‌లో ఉంటే సెల్ రెండు నెలలు కూడా రాదు. కాబట్టి డివైడర్ల పై కొసని నేరుగా బ్యాటరీకి కాకుండా ఏటీమెగా పిన్‌కి కట్టా, చదివేముందు హై చెయ్యడం, అయ్యాక లో చెయ్యడం. నాలుగో ఛానెల్ ఆ పై కొస వోల్టేజ్‌నే చదువుతుంది, మిగతా మూడింటినీ దానితో భాగిస్తే బ్యాటరీ ఎంత ఉన్నా, పిన్ మీద కాస్త వోల్టేజ్ పడినా లెక్క చెడదు. పైగా బ్యాటరీ స్థితి కూడా అందులోంచే తెలుస్తుంది.

దీంట్లో నాకు ఎక్కువ సంతోషం కలిగించింది బ్యాటరీ ఆదా కాదు, కొలత బాగుపడడం. 160 మైక్రోఆంప్‌లు 10కే థర్మిస్టర్‌లో పారితే పావు మిల్లీవాట్ వేడి పుడుతుంది. చిన్న పూస థర్మిస్టర్ గాలిలో ఒకటి రెండు మిల్లీవాట్లకే ఒక డిగ్రీ వేడెక్కుతుంది, అంటే ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే పదోవంతు డిగ్రీ పైనే తప్పు రావచ్చు, తడి మట్టిలో తక్కువ, పొడి మట్టిలో ఎక్కువ. మేం వెతుకుతున్నదే తడి పాదుకీ పొడి పాదుకీ తేడా, ఆ తేడాని కొలిచే పరికరమే సొంతంగా తేడా పుట్టిస్తే ఆ గ్రాఫ్‌ని నేను మామయ్యకి ఎలా చూపిస్తాను. పావు సెకను ఆన్ చేసి ఆపేస్తే ఆ బాధే లేదు.

ఆన్ చేశాక కాస్త ఆగాలి. ఒక్కో ఛానెల్‌కి 100 నానోఫారడ్ కెపాసిటర్ ఉంది, డివైడర్ వైపు నుంచి చూస్తే 5కే, కాబట్టి టైమ్ కాన్‌స్టంట్ అర మిల్లీసెకను, 16 బిట్‌ల దాకా సర్దుకోవాలంటే దానికి పదకొండు రెట్లు, అయిదున్నర మిల్లీసెకన్లు. వాచ్‌డాగ్‌తో 16 మిల్లీసెకన్ల చిన్న కునుకు వేయించి అప్పుడు మొదటి కన్వర్షన్ మొదలుపెడుతున్నా. ఏడీసీ మేలుకోవడానికి పట్టే సుమారు 25 మైక్రోసెకన్లు దీని ముందు లెక్కలోకే రావు.

ఇప్పుడు రేటు. సీపీయూ నిద్రలో ఉంటుంది కాబట్టి 8కి దించొచ్చు, నాలుగు ఛానెళ్ళకి ఏడీసీ ఖర్చు 75 మైక్రోకూలంబ్‌లే. కానీ ఆ అర సెకనూ డివైడర్లు ఆన్‌లో ఉండాలి, అది 240. తోటలో బోరు మోటారు, దాని స్టార్టర్ దగ్గరలోనే ఉన్నాయి, థర్మిస్టర్ వైర్లు మూరల పొడవు, 50 హెర్ట్జ్ హమ్ ఎక్కుతుంది. ఈ చిప్ ఫిల్టర్ తన రేటుకి గుణిజాల దగ్గర సిగ్నల్‌ని బాగా అణిచేస్తుంది, 16 రేటు పెడితే మూడు పదహార్లు 48, 50కి దగ్గర. 32లో అయితే 32కీ 64కీ మధ్యలో 50 పడి అంతగా అణగదు. లోపలి క్లాక్ 10 శాతం అటూ ఇటూ ఉండొచ్చు కాబట్టి 48 అని గట్టిగా పట్టుకోలేం, అయినా 128 కంటే 16లో అంకెలు స్పష్టంగా నిలకడగా వస్తున్నాయి. 16 దగ్గర ఆగా. ఏడీసీ 37, డివైడర్లు 120, రెండూ కలిపినా నిద్ర ఖర్చులో మూడో వంతు. కాన్ఫిగ్ 1100 0011 0010 0000, చివర్న పడుకోబెట్టేది 0100 0011 0010 0011.

వీడీడీనే కట్ చేస్తే?

ఏడీసీ వీడీడీని (సప్లైని) కూడా ఒక పిన్ మీదికి తెచ్చి నిద్రలో పూర్తిగా ఆపేస్తే ఆ 0.5 కూడా పోతుంది కదా అని స్నేహితుడు అడిగాడు. ఆలోచించి వద్దనుకున్నా. వీడీడీ సున్నా అయినప్పుడు ఏ అనలాగ్ ఇన్‌పుట్ మీదైనా వోల్టేజ్ మిగిలి ఉంటే లోపలి ప్రొటెక్షన్ డయోడ్‌ల గుండా చిప్‌లోకి కరెంట్ ఎక్కుతుంది, అది సగం బతికి సగం చచ్చిన స్థితి, అక్కడ ఎంత లాగుతుందో డేటాషీట్ మాటివ్వదు. పైగా ప్రతిసారీ త్రెషోల్డ్ రిజిస్టర్లు కొత్తగా రాయాలి. అర మైక్రోఆంప్ కోసం ఇంత అక్కర్లేదు. అలర్ట్ పిన్ మీద 320 ఆదా అయ్యింది, ఆ మాత్రం తేడాల దగ్గరే మన సమయం పెట్టాలి.

రీసెట్ సంగతి

ఈ చిప్‌కి రీసెట్ పిన్ లేదు. కన్వర్షన్ మధ్యలో ఏటీమెగా ఎందుకైనా రీసెట్ అయితే ఏడీసీకి ఆ సంగతి తెలియదు, పాత కాన్ఫిగ్‌తోనే ఉండిపోతుంది, రెడీ పిన్ కిందకి లాగే ఉంటుంది. అందుకని బూట్ అవగానే ఐ టూ సీ జనరల్ కాల్ (అందరికీ ఒకేసారి పిలుపు) అడ్రస్ సున్నాకి 06 పంపుతున్నా, చిప్ కొత్తగా కరెంట్ ఇచ్చినట్టు డిఫాల్ట్‌కి వెళ్ళి పవర్ డౌన్‌లో పడుకుంటుంది. ఆ తర్వాత త్రెషోల్డ్‌లు మళ్ళీ రాయడం మర్చిపోకూడదు, రాయకపోతే రెడీ పిన్ అసలు మోగదు, సీపీయూ లేవదు. జాగ్రత్తకి వాచ్‌డాగ్‌ని 250 మిల్లీసెకన్లకి కూడా పెట్టి ఉంచా, రెడీ రాకపోతే అదే లేపుతుంది, అప్పుడు ఆ రీడింగ్‌ని చెల్లనిదిగా గుర్తుపెట్టి పంపుతుంది.

జనరల్ కాల్ ఆ ఐ టూ సీ బస్సు (చిప్‌లన్నీ పంచుకునే వైర్ల జత) మీద ఉన్న అందరికీ వినపడుతుంది. నా బస్సు మీద ఏడీసీ ఒక్కటే, ఇంకేమైనా కలిపేవాళ్ళు వాటి డేటాషీట్‌లో 06కి ఏం చేస్తాయో చూసుకోండి.

ఇప్పుడున్న లెక్క, మిగిలిన పని

పావుగంటకి మైక్రోకూలంబ్‌లలో ఏడీసీ నిద్ర 450, ఏటీమెగా వాచ్‌డాగ్‌తో నిద్ర 4000 దాకా, లోరా చిన్న ప్యాకెట్ 13 డీబీఎంలో 29 మిల్లీఆంప్‌ల చొప్పున యాభై అరవై మిల్లీసెకన్లు అంటే ఓ 1600, కొలతలు 160, సీపీయూ లేచి చేసే పనులు ఇంకొంచెం. సగటున పది మైక్రోఆంప్‌ల లోపే. 600 ఎంఏహెచ్‌కి కాగితం మీద ఆరేళ్ళు దాటుతుంది, సెల్ సొంతంగా డిశ్చార్జ్ అయ్యేది తీసేసినా మామయ్యకి చెప్పిన రెండు మూడేళ్ళకి ఢోకా లేదు. ఇక తగ్గించాలంటే ఏడీసీ దగ్గర ఏమీ లేదు, వాచ్‌డాగ్ బదులు బయటి టైమర్ చిప్ పెట్టడమే, అది వచ్చే బోర్డులో.

తోటలో పెట్టేముందు ఒక టెస్ట్ ఉంది. పవర్ డౌన్ 0.5 అన్నది 25 డిగ్రీల మాట, ఉష్ణోగ్రత పెరిగితే లీకేజ్ పెరుగుతుంది, పూర్తి రేంజ్ మీద డేటాషీట్ ఇచ్చే గరిష్ఠం 5 మైక్రోఆంప్‌లు. గూడూరు మే నెల ఎండలో మూసిన ప్లాస్టిక్ డబ్బా లోపల చాలా వేడెక్కుతుంది. బోర్డుని డబ్బాలో పెట్టి మధ్యాహ్నం డాబా మీద ఉంచి జంపర్ పద్ధతిలోనే నిద్ర కరెంట్ చదవాలి, తెల్ల పెయింట్ వేసిన డబ్బాలో ఒకసారి, వెయ్యనిదాంట్లో ఒకసారి. ఆ అంకెలు వచ్చాక రెండు నోడ్‌లూ పాదుల్లోకి వెళ్తాయి.